బీరూ, బాబాయీ, రోల్‌బ్యాకూ

పోయిన నెల ఒక పెద్ద రిలీజు గట్టెక్కాక మా టీమంతా గచ్చిబౌలి దగ్గర ఒక మైక్రోబ్రూవరీకి వెళ్ళాం. మెనూ కార్డు మా ఇంజనీరింగు సిలబస్సంత ఉంది. గోధుమ బీరు, నల్ల బీరు, మామిడిపండు బీరు, ఇంకా పేరు పలకడానికే నాలుక మడతపడే రకాలు. నేను పైనుంచి కిందిదాకా చదివి, బుద్ధిగా "ఒక లాగర్" అన్నాను. అంతే, పక్క సీటు మిత్రుడు అందుకున్నాడు.

"గురూ, ఇక్కడిదాకా వచ్చి కూడా లాగరేనా? నువ్వింకా గిద్దలూరు దాటలేదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. క్యాబులో ఇంటికొస్తుంటే మాత్రం ఆ మాట చేపముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఎందుకంటారా? తెలిసిన బీరా, కొత్త బీరా అన్న ఈ ఒక్క విషయంలో మాత్రం గిద్దలూరుకి తెలిసినంత గచ్చిబౌలికి తెలీదు. అయిదేళ్ళ ప్రాక్టికల్స్ చేశాం మరి. అందుకే ఈ టపా.

ముందే ఒక మాట. ఇది తాగమని చెప్పడానికి రాసింది కాదు. తాగనివాళ్ళకి ఒక నమస్కారం, అలాగే ఉండండి. తాగి బండి నడిపేవాళ్ళకి ఏ నమస్కారమూ లేదు. మిగిలిన మనలాంటి వాళ్ళ మధ్య వీకెండు వీకెండుకీ జరిగే వాదన గురించి మాత్రమే నా గోల.

ఆ వాదనలో రెండు పార్టీలున్నాయి. మొదటిది పాత బ్రాండు పార్టీ. వీళ్ళు ఉద్యోగం వచ్చిన మొదటి నెల ఏ సీసా మూత తీశారో, రిటైరయ్యే రోజు కూడా అదే తీస్తారు. రెండోది కొత్త రుచుల పార్టీ. వీళ్ళు తాగిన బీరు మళ్ళీ తాగరు. ఫోటో తీసి, మార్కులేసి, మొదటి పార్టీని జాలిగా చూస్తారు. మన ఐటీ జనంలో రెండో పార్టీదే ప్రస్తుతం అధికారం. వాళ్ళ మేనిఫెస్టో ఒక్క లైను: "ఒకే బ్రాండు పట్టుకు వేళ్ళాడేవాడికి రుచి తెలీదు, ధైర్యం లేదు."

నేనేమంటానంటే, ఈ లైను తప్పు. మామూలు తప్పు కాదు, డబ్బున్నవాడు చేసే తప్పు. కొత్తది రుచి చూడటానికి కావాల్సింది ధైర్యం కాదండీ. నచ్చకపోతే వెనక్కి రావడానికి పాతది అక్కడే ఉంటుందన్న నమ్మకం. ఆ నమ్మకం ఉన్నవాడు ప్రయోగాలు చేస్తాడు, లేనివాడు దొరికినదాన్ని పట్టుకుని కూర్చుంటాడు. మన భాషలో చెప్పాలంటే రోల్‌బ్యాక్ ఉంటేనే ఎవడైనా ధైర్యంగా డిప్లాయ్ చేస్తాడు. రోల్‌బ్యాక్ లేకుండా శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్లోకి కోడు తోసేవాణ్ణి మనం ధైర్యవంతుడు అనం కదా. ఏమంటామో ఇక్కడ రాయకూడదు :)

కొంచెం థియరీ. భయపడకండి, రెండే పేరాలు.

మనలో మెషీన్ లెర్నింగ్ వైపు వెళ్ళినవాళ్ళకి 'మల్టీ ఆర్మ్‌డ్ బాండిట్' లెక్క గుర్తుండే ఉంటుంది. ఎదురుగా బోలెడు జూదం మిషన్లు. దేంట్లో ఎంత వస్తుందో తెలీదు. ఇప్పటిదాకా బాగా ఇచ్చిన మిషన్నే నొక్కుతూ కూర్చోవాలా, కొత్తదాన్ని కూడా నొక్కి చూడాలా? ఈ రకం ప్రశ్న మీద 1933లోనే విలియం థాంప్సన్ పేపరు రాశాడు. ఆయన ముందున్నది జూదం కాదు, వైద్యం. రెండు మందుల్లో ఏది మంచిదో ఇంకా తెలీనప్పుడు వచ్చే రోగులకి ఏది ఇవ్వాలి అన్నది. మనం వాడే మామూలు చిట్కా ఎప్సిలాన్ గ్రీడీ: పదిసార్లలో తొమ్మిదిసార్లు తెలిసినది, ఒకసారి కొత్తది. చాలాచోట్ల బాగానే పనిచేస్తుంది. ఇంకా ఎన్నిసార్లు నొక్కే అవకాశం ఉందన్నది కూడా ముఖ్యం. ముందు చాలా కాలం ఉంటే వెతుకులాట లాభం. రేపు ఊరొదిలి పోయేవాడు ఈ రాత్రి కొత్త హోటల్ వెతుక్కోవడం దండగ, నచ్చిన చోటే తినాలి.

అయితే ఈ లెక్కలో ఎవరూ పైకి అనని షరతు ఒకటుంది. పాత మిషను ఎక్కడికీ పోదు. మీరు కొత్తదాని దగ్గరికి వెళ్ళొచ్చేసరికి అది అక్కడే ఉంటుంది. దాన్ని ఎవరో రాత్రికి రాత్రి ఎత్తుకుపోతే ఈ మామూలు లెక్క పనికిరాదు, వేరే లెక్క కావాలి. సరే, థియరీ అయిపోయింది. ఇప్పుడు ఆ మిషన్ని నిజంగానే ఎత్తుకుపోయిన ఊరికి వెళ్దాం.

మా బాబాయి లారీ డ్రైవరు. మార్కాపురం పలకల లోడుతో మహారాష్ట్ర, తమిళనాడు, ఒరిస్సా తిరిగిన మనిషి. ఒకప్పుడు మా ఇంట్లో కొత్త రుచుల పార్టీ అంటే ఆయనే. లోడు దింపి, బండి యార్డులో పెట్టి తాళం వేశాక, ఆ ఊళ్ళో ఏ బీరు దొరికితే అది ఒకటి రుచి చూసేవాడు. ఊరికొచ్చాక మాకు రిపోర్టు: "నాగపూర్ది నీళ్ళురా. సేలందాంట్లో చేదు ఎక్కువ. పర్లా, ఒగసారి తాగొచ్చు." మైక్రోబ్రూవరీ అనే మాట కూడా వినని రోజుల్లో మా బాబాయి మార్కులేసేవాడన్నమాట. రిపోర్టు ఎప్పుడూ ఒకే ముక్కతో అయిపోయేది: "ఏమన్నా మన కింగ్‌ఫిషర్ మనదే."

గమనించారా? తిరిగినన్నాళ్ళు తిరిగి, వచ్చి పాతదాని దగ్గర కూర్చునేవాడు. ఇల్లు ఉంది కాబట్టే ఊళ్ళు తిరిగాడు.

2019 అక్టోబర్ 1 నుంచి ఆంధ్రలో మందు షాపులన్నీ ప్రభుత్వం చేతిలోకి వెళ్ళాయి. 4,380 షాపులు 3,500 అయ్యాయి. మద్యాన్ని విడతలవారీగా తగ్గిస్తాం అన్నారు, మంచి మాటే. తర్వాత కరోనా. 2020 మార్చిలో మూసిన షాపులు మే 4న తెరిచారు, రెండు రోజుల్లో ధర 75 శాతం పెరిగింది. అప్పుడు నేను ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. వర్క్ ఫ్రమ్ హోమ్ అని లాప్‌టాప్ పట్టుకుని గిద్దలూరు వచ్చేశాను. రాచర్ల రోడ్డు వైపు నడిచి వెళ్తుంటే ఎండలో చాంతాడంత క్యూ, చేతుల్లో గొడుగులు. చాలాకాలం కార్డు లేదు, ఫోన్‌పే లేదు, నగదు మాత్రమే. డిజిటల్ ఇండియాలో మందు షాపు ఒక్కటీ అనలాగ్ :)

ధర పెరిగితే పెరిగింది, అది పన్ను అనుకోవచ్చు. అసలు దెబ్బ వేరు. షెల్ఫు మీద సీసాలు మారిపోయాయి. కింగ్‌ఫిషర్ కనపడటం గగనమైపోయింది. దాని బదులు బూమ్ బూమ్ అనే బీరు. విస్కీల్లో ప్రెసిడెంట్ మెడల్, స్పెషల్ స్టేటస్. ప్రత్యేక హోదా రాష్ట్రానికి రాలేదు గానీ సీసాకి మాత్రం వచ్చిందని జోకులేసుకున్నాం. ఆ బ్రాండ్లకి అనుమతులిచ్చింది మీరంటే మీరని రెండు పార్టీలూ తిట్టుకున్నాయి. ఆ పాలసీ మీద పెట్టిన కేసుల సంగతి కోర్టులు తేలుస్తాయి, నేను జడ్జిని కాదు. ఆ సీసాల్లో ఏముందో కూడా నాకు లాబ్ రిపోర్టు తెలీదు, కాబట్టి విషమని అనను. నేను అనేది కౌంటరు ముందు నిలబడ్డవాడికి తెలిసిన సంగతి మాత్రమే. "కింగ్‌ఫిషర్ ఉందా?" "లేదు." "మరేముంది?" "ఉన్నదిదే. కావాలంటే తీసుకో, లేకుంటే పక్కకి జరుగు." ఇదీ సంభాషణ. ఇందులో ఎంపిక ఎక్కడుందో చెప్పండి?

కొత్త రుచుల పార్టీ లెక్క ప్రకారం ఆ అయిదేళ్ళూ మా ఊరు స్వర్గం కావాలి. ఎటు చూసినా పేరు వినని బ్రాండ్లు, ప్రతి వారం కొత్త రుచి! మరి ఒక్కడి ముఖంలోనైనా అన్వేషకుడి ఆనందం కనపడిందా? లేదు. కొత్తది బాగోలేదనే కాదు, కొన్ని బాగానే ఉండి ఉండొచ్చు కూడా. పోల్చుకోవడానికి పాతది లేదు. మనం దీన్ని కంట్రోల్ గ్రూపు లేని ఏ/బీ టెస్టు అంటాం. రిజల్టు చూసేవాడు లేడు, ఆపే బటను లేదు, వాడేవాడి ఫీడ్‌బ్యాక్ ఎవరికీ అక్కర్లేదు. దీనికి ప్రయోగం అని పేరు పెడితే ప్రయోగాలకే అవమానం.

ఇక్కడ కొందరు అనొచ్చు: "మంచిదే కదా, నచ్చిన బ్రాండు లేకపోతే తాగడం మానేస్తారు." ఈ వాదనని నేను తేలిగ్గా తీసుకోను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచిన రాష్ట్రం మనది. 1993 అక్టోబర్ నుంచి సారా నిషేధం, 1995 జనవరి నుంచి పూర్తి మద్యనిషేధం వచ్చాయి, 1997లో రెండోది ఎత్తేశారు. ఆ ఉద్యమం నిజాయితీగా అడిగింది: షాపు మూయండి అని. షాపు తెరిచే ఉంచి, డబ్బు తీసుకుంటూనే, నీకు తెలిసినది మాత్రం ఇవ్వను అనమని ఏ ఆడమనిషీ అడగలేదు. మానిపించాలంటే మానిపించండి, డీ-అడిక్షన్ సెంటర్లు పెట్టండి. నచ్చిన సీసా మాయమైతే అలవాటున్నవాడు మానడు. దొరికినదాని మీదకి పోతాడు.

ఎంతదాకా పోతాడో మా రైలు లైనులోనే ఉదాహరణ ఉంది. గుంటూరు నుంచి నంద్యాల పోయే లైనులో గిద్దలూరుకి ముందు కంభం, మార్కాపురం రోడ్డు, దొనకొండ, ఇంకా వెనక్కి పోతే కురిచేడు. 2020 జూలై నెలాఖరులో కరోనా వల్ల కురిచేడులో మందు షాపులు మూసి ఉన్నాయి. కొంతమంది శానిటైజర్ తాగారు. పదిమందికి పైగా చనిపోయారు. అది బ్రాండ్ల వల్ల జరిగిందని నేను అనట్లేదు, దాన్ని ఏ పార్టీ లెక్కలోనూ రాయొద్దు. అయితే ఆ వార్త చదివిన రోజు మా బాబాయి అన్న మాట ఇది: "మనిషికి తెలిసిన దోవ మూస్తే తెలీని దోవన పోతాడ్రా అబ్బయ్యా. అది యాడికి పోతాదో వానికీ తెలీదు." మనం ఏసీ గదిలో కూర్చుని 'ఎక్స్‌ప్లోర్' అనే మాటని ఎంత ముద్దుగా పలుకుతామో కదా.. దానికి అలాంటి ముఖం కూడా ఉంది.

ఇది మన దగ్గరే జరిగిందనుకోకండి. 1985 ఏప్రిల్ 23న అమెరికాలో కోకాకోలా వాళ్ళు పాత కోక్ ఆపేసి కొత్త ఫార్ములా దించారు. గుడ్డిగా చేసిన పని కాదు. దాదాపు రెండు లక్షలమందికి రుచి చూపించారు, కొత్తదే బాగుందని ఎక్కువమంది అన్నారు. డేటా అంతా పక్కాగా ఉంది. అయినా జనం తిరగబడ్డారు. 79 రోజుల తర్వాత, జూలై 11న పాతది 'క్లాసిక్' పేరుతో వెనక్కి తెచ్చారు. వాళ్ళ టెస్టులో లేని ప్రశ్న ఒక్కటే: "ఇది తీసుకుంటే అది ఇక ఉండదు, సరేనా?" రుచికి మార్కులు వేయించారు గానీ పాతది పోతుందని పోలింగ్ బూతు దగ్గర గట్టిగా చెప్పలేదు. అలా పక్కపక్కన పెట్టి అమ్మి ఉంటే కొత్త కోక్ కథ ఎలా ఉండేదో!

దగ్గరికొద్దాం. 2025 జనవరి 8న కింగ్‌ఫిషర్ తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్, తెలంగాణకి సరఫరా ఆపేస్తున్నామని ప్రకటించింది. 2019-20 నుంచి ధర పెంచలేదు, పాత బాకీలున్నాయి అని వాళ్ళ వాదన. ఇక్కడ షాపువాడు కంపెనీ దగ్గర నేరుగా కొనలేడు. కంపెనీ బెవరేజెస్ కార్పొరేషన్‌కే అమ్మాలి, ఎంతకి కొనాలో అదే చెప్తుంది. అంటే దారి మధ్యలో ఒక్కటే గేటు. గేటు మూస్తే అంతా బందు. సంక్రాంతికి నేను గిద్దలూరులో ఉన్నాను. మా హైదరాబాదు వాట్సాప్ గ్రూపుల్లో, షాపుల్లో స్టాకు ఉండగానే ఏడుపులు మొదలు. నన్ను గిద్దలూరు దాటలేదన్న ఇదే మిత్రుడు, చేతిలో క్రాఫ్ట్ బీరు గ్లాసు ఫోటో పెట్టుకునే మిత్రుడు, "ఆంధ్రలో దొరుకుతోందటగా?" అని నాకు మెసేజ్ పెట్టాడు! పన్నెండు రోజుల తర్వాత జనవరి 20న సరఫరా మొదలైంది, ఫిబ్రవరిలో ధర 15 శాతం పెరిగింది. పన్నెండే రోజులు బాబూ.. మాకు అయిదేళ్ళు.

అంతకుముందు ఏడాది, 2024 వేసవిలో తెలంగాణలో సోమ్ డిస్టిలరీస్ వాళ్ళ బీర్లకి అనుమతి ఇచ్చి, గొడవయ్యాక వెనక్కి తీసుకున్నారు. ఆ బీరు బాగుంటుందో లేదో ఒక్కడికీ తెలీదు, తాగినవాడు లేడు. అయినా హైదరాబాదు అంతా ముందే మీములు వేసేసింది. ఎందుకు? పక్క రాష్ట్రంలో ఏం జరిగిందో చూశారు కాబట్టి. కొత్త బ్రాండు అంటేనే 'మనదాన్ని మాయం చేయబోతున్నారు' అని అర్థం వచ్చేసింది. ఇదీ అసలు నష్టం. కొత్తదాన్ని బలవంతంగా రుద్దితే, రేపు నిజంగా మంచి కొత్తది వచ్చినా ఎవడూ ముట్టుకోడు. కొత్తదనానికి పాత బ్రాండు పార్టీకన్నా పెద్ద శత్రువు బలవంతమే.

ఆంధ్రలో 2024 అక్టోబర్ 16 నుంచి మళ్ళీ ప్రైవేటు షాపులు వచ్చాయి. లాటరీలో 3,396 షాపులు. పాత బ్రాండ్లు వచ్చాయి, 99 రూపాయల క్వార్టరు వచ్చింది. కింగ్‌ఫిషర్ వచ్చింది. కథ సుఖాంతం అనుకున్నాను. మా బాబాయి మళ్ళీ పాతరకంగా నాలుగూ రుచి చూస్తాడనుకున్నాను. చూడలేదు! ఇప్పుడు ఆయన కింగ్‌ఫిషర్ తప్ప ఇంకోటి ముట్టడు. లారీలో నాలుగు రాష్ట్రాలు రుచి చూసిన మనిషి, మందు షాపులో కూలింగ్ కింగ్‌ఫిషర్ లేదంటే ఖాళీ చేతుల్తో ఇంటికొస్తాడు. మా పిన్ని మాత్రం చాలా సంతోషంగా ఉంది, అది వేరే విషయం.

నాకు చిన్న అనుమానం. నిజంగా ఆయనకి ఆ రుచే కావాలా? ఇంజనీరు బుద్ధి కదా, టెస్టు పెట్టాను. మూడు స్టీలు గ్లాసులు, రెండింట్లో ఒకే బీరు, ఒకదాంట్లో వేరేది. ఏది వేరో చెప్పాలి. దీన్ని ట్రయాంగిల్ టెస్టు అంటారు. మూడుసార్లు పెడితే బాబాయి రెండుసార్లు తప్పు చెప్పాడు. నేను చంకలు గుద్దుకున్నాను. "చూశావా బాబాయ్, తేడా తెలీదు నీకు. ఉత్త పేరు కోసం తాగుతున్నావు."

ఆయనకి కోపం రాలేదు. "నాలికకి తెలీదని నాకెరికేరా. నేను తాగేది యేందో నాకు తెలిసుండాల. అంతే."

అక్కడ నా నోరు మూతపడింది. మనం రుచి గురించి వాదిస్తున్నాం. ఆయన రుచి గురించి కాదు, హామీ గురించి మాట్లాడుతున్నాడు. ఒంట్లోకి పోయేది ఏమిటో తెలియడం, నిన్నటిలాగే ఈరోజూ ఉండటం, రేపు పొద్దున లేవగలనన్న నమ్మకం. దాన్ని 'రుచి తెలీదు' అని కొట్టేస్తే మన బుద్ధే తక్కువని అర్థం. అన్నట్టు మూడుసార్లు టెస్టు పెట్టి తీర్పు చెప్పిన నా లెక్క కూడా తప్పే. చిన్న శాంపిళ్ళని ఎంతవరకు నమ్మాలో చెప్పే టీ-టెస్టు పుట్టిందే బీరు కంపెనీలో. డబ్లిన్ గిన్నిస్‌లో పనిచేసిన గోసెట్, కంపెనీ సొంత పేరుతో రాయనివ్వదు కాబట్టి 'స్టూడెంట్' అని 1908లో పేపరు వేశాడు. ఒక్క గుటక తాగి అయిదు నక్షత్రాలు, ఒక్క గుటక తాగి ఛీ ఛీ అనేవాళ్ళు ఆయన్ని ఒకసారి తలుచుకోవాలి.

పోయిన వేసవిలో బాబాయి కళ్ళ పరీక్షకి హైదరాబాదు వచ్చాడు. పని అయిపోయాక సాయంత్రం ఒక మైక్రోబ్రూవరీకి తీసుకెళ్ళాను. మళ్ళీ ఆయనలో పాత లారీ డ్రైవర్ని లేపాలని నా ఆశ. రాగి పీపాలు, అద్దాలు చూసి ముచ్చటపడ్డాడు. "ఈడనే కాస్తారా?" అని వంటవాడిలాగా అడిగాడు. గోధుమ బీరులో అరటిపండు వాసన వస్తుందని, పండు వేయకుండా ఈస్టు వల్లే వస్తుందని చెప్తే కళ్ళు పెద్దవి చేశాడు. ఆసక్తి వచ్చింది! వెయిటరు వచ్చాడు. బాబాయి అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"ఇది బాగలేకుంటే, కింగ్‌ఫిషర్ ఉండాదా?"

"సారీ సర్, బాటిల్ బీర్ ఉంచం. ఓన్లీ క్రాఫ్ట్" అన్నాడా కుర్రాడు, కొంచెం గర్వంగానే.

బాబాయి మెనూ మడిచి పెట్టి, "అయితే నాకు నిమ్మకాయ సోడా చాలు" అన్నాడు.

నాకు ఆ రోజు కోపమొచ్చింది. ఇంత ఖర్చుపెట్టి తీసుకొస్తే ఒక్క గుటక వెయ్యడా అని. పోయిన నెల మిత్రుడు నన్ను గిద్దలూరు దాటలేదన్నప్పుడు గానీ అర్థం కాలేదు. బాబాయి భయపడలేదు. సరైన ప్రశ్న అడిగాడు. మన డిజైన్ రివ్యూల్లో సీనియర్ ఆర్కిటెక్టు అడిగే ప్రశ్న అదే: "ఇది పోతే వెనక్కి దోవేంటి?" లేదన్నారు, ఆయన సైన్ చేయలేదు. అంతే.

ఇంకో లెక్క కూడా ఉంది. నాకు నచ్చని బీరంటే ఒక సగం గ్లాసు, మూడు నిమిషాల ముఖం చిట్లింపు, ఇంకోటి ఆర్డరు. వారానికి ఒక్క సీసా తాగే కూలిమనిషికి నచ్చని బీరంటే ఆ వారం మొత్తం. అతని ఎప్సిలాన్ సున్నా అయితే అది పిరికితనం కాదు, సరైన ఆప్టిమైజేషన్. వాణ్ణి చూసి నవ్వే హక్కు మన జీతాలు మనకివ్వవు.

అలాగని పాత బ్రాండు పార్టీలో నేను చేరిపోయానని అనుకోకండి. కౌంటరు ముందు అన్నీ ఉండి, జేబులో డబ్బుండి, పదేళ్ళుగా ఒక్కటే తాగుతూ "అన్నీ ఒకటే లేరా" అనే మనవాళ్ళున్నారు. వాళ్ళకి బాబాయి సాకు వర్తించదు. మీకు రోల్‌బ్యాక్ ఉంది. ఉండి కూడా వాడకపోతే అది విధేయత కాదు, బద్ధకం. బార్లీని మాడేదాకా వేయిస్తే నల్ల బీరులో కాఫీ వాసన ఎలా వస్తుందో, హాప్స్ ఎక్కువేస్తే చేదు నాలుక మీద ఎంతసేపు నిలబడుతుందో ఒకసారి చూస్తే పోయేదేముంది? నచ్చకపోతే నీ సీసా అక్కడే ఉందిగా. నేను లాగర్ చెప్పిన రోజు కూడా, అది ఆ బ్రూవరీలో నేను తాగే మొదటి గ్లాసు. ఎక్కడికెళ్ళినా మొదట సాదా లాగర్ తాగుతాను. పాపం లాగర్లో తప్పు దాచుకోవడానికి మామిడిపండు ఉండదు. అది బాగుంటే మిగతావి నమ్ముతాను. ఇది మిత్రుడికి చెప్పే లోపే అందరూ నవ్వేశారు :(

కాబట్టి నా డిమాండ్లు. తక్కువే.

ఒకటి. ప్రభుత్వాలకి, పార్టీ ఏదైనా సరే: పన్ను వేసుకోండి, షాపులు తగ్గించుకోండి, ధైర్యముంటే మూసేయండి. తెరిచినంతకాలం మాత్రం జనం అడిగే సీసా షెల్ఫు మీద ఉండాలి. దాని పక్కన ఎన్ని కొత్తవి పెట్టినా మాకు అభ్యంతరం లేదు. గేటు మీ చేతిలో ఉంది కాబట్టి, గేటులోంచి ఏది రావాలో చెప్పే హక్కు కూడా వచ్చేసిందనుకోవద్దు. చిన్న కంపెనీలకి కూడా అదే గేటు ఉరితాడవుతోంది. 2015లో బీరా బీరుని మార్కెట్లోకి తెచ్చిన కంపెనీ తన పేరులో 'ప్రైవేట్' అనే ఒక్క మాట తీసేసినందుకు రాష్ట్రరాష్ట్రానికీ లేబుళ్ళు మళ్ళీ రిజిస్టరు చేయించుకోవాల్సి వచ్చి, నెలల తరబడి అమ్మకాలు ఆగాయి. ఒక వేరియబుల్ పేరు మారిస్తే మొత్తం సిస్టం కూలిపోవడం మనకి తెలిసిన కథే. పాతవి మాయం, కొత్తవి రాలేవు. ఇంకెక్కడి ఎంపిక?

రెండు. మైక్రోబ్రూవరీలకి: ఒక్క ఫ్రిజ్జు పెట్టండి. అందులో నాలుగు మామూలు సీసాలు ఉంచండి. మీ బీరు మీద మీకు నమ్మకముంటే దాని పక్కన కింగ్‌ఫిషర్ ఉంటే భయమెందుకు? ఆ నాలుగు సీసాలుంటే మా బాబాయి మీ గోధుమ బీరు తాగేవాడు. మీరు పోగొట్టుకున్నది ఒక సీసా అమ్మకం కాదు, ఒక కొత్త కస్టమరుని.

మూడు. మన కొత్త రుచుల పార్టీ మిత్రులకి: తాగండి, ఫోటోలు పెట్టండి, మార్కులేయండి, నేనూ లైకు కొడతాను. పక్కవాడి గ్లాసు చూసి వాడి తెలివికి మార్కులేయడం మాత్రం ఆపండి. వాడు ఎన్ని చూసి అక్కడికి వచ్చాడో మీకు తెలీదు.

మొన్న దసరాకి ఊరెళ్ళాను. బాబాయికి తెలీకుండా షాపులో రెండు సీసాలు తీసుకున్నాను. ఒకటి ఆయన కింగ్‌ఫిషర్, రెండోది ఇంకో కంపెనీది, చిన్న సీసా. రెండూ ఆయన ముందే పెట్టి, "నీది నీకే బాబాయ్, ఎక్కడికీ పోదు. ఇది ఊరికే ఒక గుటక" అన్నాను. కాసేపు రెంటినీ చూశాడు. కింగ్‌ఫిషర్ సీసా దగ్గరికి జరుపుకున్నాడు. మూత తీయలేదు. చిన్న సీసా మూత తీసి, గ్లాసులో రెండు వేళ్ళంత పోసుకుని, అయిదేళ్ళ తర్వాత మొదటిసారి రిపోర్టు ఇచ్చాడు:

"నీళ్ళురా. పర్లా, ఒగసారి తాగొచ్చు."

గిద్దలూరు దాటడమంటే అదండీ. వెనక్కి రావడానికి గిద్దలూరు ఉంటేనే ఎవడైనా దాటేది. ఏమంటారు?